పోటీలో నిలుచుట యెట్లు?
గ్రామసంఘ సభ్యులకు ఒక పాఠము

సభ్యులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “వర్తకునకు ధనము కలదు. లారీలు కలవు. పట్టణములలో పరిచయములు కలవు. సరకు తక్కువగా దొరకు దినములలో ఆతడు సంఘముకంటె ఒక రూపాయి హెచ్చు పెట్టి మన యింటి ముంగిటనే కొనుచున్నాడు. ఇట్టివానితో పోటీపడి సంఘము నిలుచుట సాధ్యమగునా?” ఈ ప్రశ్న వేసినవారిని మేము తప్పుపట్టము. ఇల్లు గడుపుకొనవలసిన రైతు రూపాయిని లెక్క చూచుకొనుట ధర్మమే. కాని దీనికి ఔనని గాని కాదని గాని ఒక్క మాటలో బదులు చెప్పుట తగదు. పోటీ యననేమి, అందు పైచేయి యెట్లు లభించును, లభించినది యెట్లు నిలుచును అను మూడు సంగతులను గ్రహించినచో సభ్యులే దీనికి సమాధానము చెప్పుకొనగలరు. ఆ మూడింటిని ఈ పాఠమున ఉదాహరణములతో వివరింప బూనితిమి.

1. పోటీ యనగా ధర తగ్గించుటయేనా?

మన వారపు సంతను తలచుకొనుడు. అందు ముగ్గురు వ్యాపారులు ప్రక్కప్రక్కనే కూర్చున్నారనుకొందము. మొదటివాడు ఉల్లిపాయలు అమ్మును. అట్టి సరకు అందఱియొద్దను కలదు. కాని ఆతడు బండ్లకొలది ఒక్కమాఱు కొనును. కూలి, కిరాయి తగ్గించుకొనును. కావున ఇతరులకు నష్టము వచ్చు ధరకు అమ్మియు తాను లాభము పొందును. రెండవది నేయి అమ్ము అవ్వ. ఆమె ధర హెచ్చు. అయినను పెండ్లి తలపెట్టినవారు ఆమెనే వెదకికొని వత్తురు; ఏలయన ఇరువది యేండ్లలో ఆమె నేతియందు కల్తీని కనుగొన్నవాడు లేడు. మూడవవాడు పలుపులు, పగ్గములు, ముకుత్రాళ్లు మాత్రమే అమ్మును. సంతకు వేయిమంది వచ్చినను ఆతని గిరాకీ పశువులున్న రైతులే. ఆ కొద్దిమందికి ఏది కావలయునో ఆతనికి తెలిసినట్లు మఱియొకనికి తెలియదు.

ముగ్గురును ఒకే సంతలో ఉన్నారు, ముగ్గురును బ్రతుకుచున్నారు, ముగ్గురి బలములును వేఱు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన మైకేల్ పోర్టర్ 1980లో ప్రకటించిన గ్రంథమున, వ్యాపారములు పోటీలో పైచేయి పొందు మార్గములను ఈ రీతిగానే మూడుగా విభజించెను. ఖర్చును అందఱికంటె తగ్గించుకొనుట మొదటిది. సరకునకు ఇతరులయొద్ద లేని విశిష్టతను కల్పించుట రెండవది. ఒక ప్రత్యేకమైన గిరాకీని ఎన్నుకొని దానిమీదనే దృష్టి నిలుపుట మూడవది. ఏ మార్గమును గట్టిగా పట్టక నడుమ నిలిచిపోవు వ్యాపారము చెడునని కూడ ఆయన హెచ్చరించెను.

దీనికి తోడు మఱియొక పరీక్షను సభ్యులు జ్ఞాపకమున ఉంచుకొనవలయును. మన బలమును ఎదుటివాడు రేపు ఉదయమే సంపాదింప గలిగినచో అది బలము కాదు. ధర పెంచుట వర్తకునకు ఒక్క నిమిషపు పని. కావున ధర మాత్రమే నమ్ముకొన్న సంఘము ఓడిపోవును. వర్తకుడు ఎంత ధనము వెచ్చించినను సంపాదింపలేని బలము మనకు ఏది కలదు? ఈ ప్రశ్నకు సమాధానమును ఒక దూరదేశపు రైతులు దాదాపు నూట నలువది యేండ్ల క్రిందట కనుగొనిరి.

2. ధాన్యపు ధర పడిపోయిన దేశము

డెన్మార్కు ఐరోపా ఖండమున ఉత్తర దిక్కున నున్న చిన్న దేశము. 1864లో జరిగిన యుద్ధమున ఆ దేశము ఓడి, విశాలమైన భూభాగమును కోల్పోయెను. నాటి రైతులు ధాన్యము పండించి ఇంగ్లండు మొదలగు దేశములకు ఎగుమతి చేసి జీవించుచుండిరి. 1870 తరువాత అమెరికాలో రైలు మార్గములు విస్తరించెను; పొగయోడల కిరాయి తగ్గెను. అమెరికానుండియు రష్యానుండియు చవుక ధాన్యము ఐరోపా రేవులలో కుప్పలుగా దిగెను. ధరలు పడిపోయెను. విశాలమైన క్రొత్త భూములలో పండిన ధాన్యముతో చిన్న దేశపు రైతు ధరలో పోటీపడుట కల్ల.

ఆ కష్టకాలమున మూడు దారులు కనబడెను. ఒకటి, ధరను ఇంకను తగ్గించి అమ్ముట. అది అప్పులపాలగు దారి. రెండవది, విదేశపు ధాన్యముపై సుంకము వేయించి తలుపులు మూసికొనుట. జర్మనీ 1879లో ఈ దారి పట్టెను. డెన్మార్కు రైతులు మూడవ దారిని త్రొక్కిరి. ధాన్యము అమ్ముట తగ్గించి, చవుకగా వచ్చుచున్న ఆ ధాన్యమునే కొని పశువులకు మేపి, వెన్నను అమ్మసాగిరి. ఎదుటివాని బలము వీరికి దాణా అయ్యెను. ధాన్యము చవుకైన కొలది వీరి వెన్నకు అగు ఖర్చు తగ్గుచు వచ్చెను.

పోటీ వ్యూహమున ఇది మొదటి పాఠము. ఎట్లు పోరాడవలయునని ఆలోచించుటకు ముందు ఎచట పోరాడవలయునో నిర్ణయించుకొనవలయును. ఎదుటివానికి అనుకూలమైన పొలములో కుస్తీ పట్టువాడు ఎంత బలశాలియైనను అలసిపోవును.

3. పెద్దల వెన్న, రైతుల వెన్న

దారి దొరకినది గాని చిక్కు తీరలేదు. ఆ దేశమున పెద్ద భూస్వాములు అనేకమైన ఆవులను ఉంచి, చల్లని గదులు కట్టించి, నేర్పరులైన పనివాండ్రచే మేలైన వెన్న తీయించుచుండిరి. ఇంగ్లండులో దానికి మంచి ధర పలుకుచుండెను. మూడు నాలుగు ఆవులున్న చిన్న రైతు ఇంటిలో తీసిన వెన్న అట్టిది కాదు. ఒక యింటి వెన్న పుల్లన. మఱియొక యింటిది ఉప్పన. వర్తకుడు అన్నిటిని ఒక్క పీపాలో కలిపి తక్కువ ధరకు అమ్మును. మేలుగా తీసినవాడును, అశ్రద్ధగా తీసినవాడును ఒకే హీనపు ధరను పొందుచుండిరి.

ఈ స్థితి మనకు క్రొత్తది కాదు. శ్రద్ధతో తాలుకాయలు ఏరి, కల్లములో చక్కగా ఎండబెట్టిన రైతు మిరపయు, తేమతో తెచ్చినవాని మిరపయు ఒక్క రాశిగా పోసినచో, కొనువాడు ఆ రాశికి హీనమైన సరకు ధరయే కట్టును. విశిష్టత లేని సరకును అమ్మువాడు కొనువాని దయపై ఆధారపడవలసినదే.

ఇంతలో ఒక క్రొత్త యంత్రము వచ్చెను. 1878 ప్రాంతమున స్వీడనులో గుస్టాఫ్ డి లవాల్ అనునాతడును, డెన్మార్కులో ఇతరులును, పాలను వేగముగా త్రిప్పి మీగడను వేఱుచేయు యంత్రములను నిర్మించిరి. అంతకుముందు పాలను వెడల్పు పాత్రలలో పోసి మీగడ పైకి తేలువఱకు ఎన్నో గంటలు నిలువయుంచవలసి వచ్చెడిది. క్రొత్త యంత్రము పాలు పోయుచుండగనే మీగడను తీయును. పలు యిండ్ల పాలను ఒక్కచోట చేర్చినను మేలైన వెన్న వచ్చును. కాని దాని ధర ఒక్క చిన్న రైతునకు అందునది కాదు. ధనికుడు కొని ఊరి పాలన్నిటిని తన చేతిలో పెట్టుకొనునా, రైతులు కూడి కొందురా అనునదే నాటి సమస్య.

4. యెడ్డింగ్ గ్రామపు కట్టుబాట్లు

1882లో పశ్చిమ జట్లండులోని యెడ్డింగ్ అను పల్లెలో రైతులు కూడి సహకార వెన్న కర్మాగారమును స్థాపించిరి. ఆ దేశమున అట్టివానిలో అదియే మొదటిది. ఇరువది యేండ్లు గడచునప్పటికి దేశమందు అట్టి సంఘములు సుమారు వేయి వెలసెను. ఇంత వేగముగా వ్యాపించుటకు కారణము యంత్రము మాత్రమే కాదు. యంత్రమును ధనికుడును కొనగలడు. ఆ సంఘముల కట్టుబాట్లే అసలు బలము. వానిలో ముఖ్యమైన వానిని క్రింద తెలుపుచున్నాము.

మొదటిది: ఇంటి వాడుకకు పోగా మిగిలిన పాలనన్నిటిని సంఘమునకే పోయుదునని సభ్యుడు అనేక సంవత్సరములకు ఒడంబడిక వ్రాసి యీయవలయును. నేడు సంఘమునకు, రేపు వర్తకునకు అనుట కూడదు.

రెండవది: కర్మాగారము కట్టుటకు తెచ్చిన అప్పునకు సభ్యులందఱును కలసి పూచీపడవలయును. అందఱి పూచీ యుండుటచేతను, పాలు తప్పక వచ్చుననుటచేతను అప్పిచ్చువారు సందేహింపలేదు.

మూడవది: ఒక్కొక్క సభ్యునకు ఒక్కొక్క ఓటు మాత్రమే. ఓట్లు మనుష్యులకే గాని పశువులకు గావు అను మాట ఆ రైతులలో సామెతవలె ప్రబలెను.

నాల్గవది: సంవత్సరాంతమున మిగులు వాటాల ధనమునుబట్టి గాక, పోసిన పాలనుబట్టి పంచవలయును.

ఐదవది: పాత్రల శుభ్రత, మేత, పాలు పితుకు పద్ధతి మొదలగు వానికి నియమములు కలవు. పాలకు చెడు వాసన కలిగించు మేతను పెట్టరాదు. మురికి పాలను సంఘము త్రిప్పి పంపును.

ఇందు మొదటి కట్టుబాటును మఱల చదువుడు. ప్రతిదినము ఎన్ని పాలు వచ్చునో ముందుగా తెలిసిన కర్మాగారమునకును, వచ్చునో రాదో తెలియని దానికిని ఎంత భేదము కలదో ఆలోచింపుడు. మొదటిది యంత్రమును నిండుగా నడిపి ఖర్చు తగ్గించుకొనును. కొనువానికి మాట యిచ్చి నిలుపుకొనును. వర్తకుడు యంత్రమును కొనగలడు, పనివారిని కొనగలడు. కాని వందలమంది రైతుల నమ్మకమును ఒడంబడికగా కొనజాలడు. వర్తకునకు దొరకని బలము ఇదియే.

5. నీళ్లు కలిపిన పాలకును మంచి పాలకును ఒకే ధరయా?

నమ్మకము మాటలతో నిలువదు, లెక్కతో నిలుచును. మొదట పాలను తూకమునుబట్టి కొనినప్పుడు వెన్న హెచ్చుగా నున్న పాలు పోసినవాడు నష్టపోవుచుండెను. ఆ దేశమున ఎన్. జె. ఫ్యోర్డ్ అను శాస్త్రజ్ఞుడు ఒక్కొక్క రైతు పాలలో మీగడ యెంత కలదో కొలుచు సాధనమును వాడుకలోనికి తెచ్చెను. అటుపిమ్మట వెన్ననుబట్టి ధర కట్టు పద్ధతి వ్యాపించెను. నీళ్లు కలిపినవాడు తన్ను తానే మోసపుచ్చుకొనినట్లయ్యెను. మంచి ఆవును పెంచినవానికి ఫలము దక్కెను. నేడు మన పాలకేంద్రములలో వెన్నశాతమును చూచుట ఈ న్యాయమునకే. పరీక్ష చేయు గుమాస్తాను అనుమానించుట సులభము. కాని పరీక్షయే లేనిచో శ్రద్ధగల రైతు ముందుగా సంఘమును విడిచిపోవునని గుర్తింపవలయును.

వెన్న నాణ్యమును కాపాడుటకు మఱియొక యుక్తిని పన్నిరి. ముందుగా తెలుపకయే కర్మాగారమునకు తంతి పంపి, ఆనాడు సిద్ధముగా నున్న వెన్న పీపాను వెంటనే పరీక్షకు పంపవలయునని కోరుచుండిరి. ఏ దినమున తంతి వచ్చునో తెలియదు గనుక ప్రతిదినము మంచి వెన్ననే తీయవలసి వచ్చెను. తీర్పరులు దోషములను చెప్పి వానిని సవరించు ఉపాయములను తెలుపుచుండిరి.

6. వ్యర్థము కాని వస్తువు, మాట తప్పని ముద్ర

మీగడ తీసిన పాలు రైతులకు తిరిగి వచ్చుచుండెను. వానిని పందులకు మేపిరి. 1887లో జర్మనీ డెన్మార్కునుండి పందుల దిగుమతిని నిషేధించెను. రైతులు దిగులుపడి కూర్చుండక, అదే సంవత్సరమున హోర్సెన్స్ పట్టణమున సహకార కర్మాగారమును స్థాపించి, ఇంగ్లండు వారికి రుచించు విధముగా ఉప్పు పట్టించిన మాంసమును పంపసాగిరి. ఆ దేశపువారు ఏది కోరుదురో తెలిసికొని, అందుకు తగిన జాతి పందులను పెంచిరి. తమకు పండినదానిని అమ్ముటకాక, కొనువానికి కావలసినదానిని పండించుట అను సూత్రము ఇందు కానవచ్చును.

1895లో గ్రుడ్లను ఎగుమతి చేయు సహకార సంఘమును నెలకొల్పిరి. ప్రతి గ్రుడ్డుమీదను గ్రామసంఘపు గుర్తును, సభ్యుని సంఖ్యను ముద్రించుచుండిరి. చెడిన గ్రుడ్డు దొరకినచో అది యెవరి యింటినుండి వచ్చినదో తెలియును. ఒక్కని అశ్రద్ధవలన ఊరికంతకు చెడ్డపేరు రాకుండ ఇట్లు కట్టుదిట్టము చేసిరి.

వెన్నకు ‘లూర్’ అను ప్రాచీన కంచు కొమ్ముల గుర్తును 1901లో రిజిష్టరు చేయించిరి. 1906లో శాసనము మూలమున ఎగుమతియగు వెన్నకంతటికిని ఆ ముద్ర తప్పనిసరి యయ్యెను. ఇంగ్లండులోని గృహిణికి యెడ్డింగ్ ఎచట నున్నదో తెలియదు; రైతుల పేర్లు తెలియవు; కాని ఆ కొమ్ముల గుర్తు కనబడినచో వెన్న బాగుండునని తెలియును. ముద్ర యనగా బొమ్మ కాదు. అది అందఱును కలసి యిచ్చిన మాట. సంతలోని అవ్వ నేతికి ఆమె ముఖమే ముద్ర. ముఖము కనబడని దూరదేశపు సంతలో గుర్తు ఆ పని చేయును.

7. మన దేశమున ఆనందు నగరపు కథ

ఇవి చలిదేశపు సంగతులని ఎవరైన అనవచ్చును. గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు మనవంటివారే. ఆ ప్రాంతపు పాలు బొంబాయి నగరమునకు పోవుచుండెను. కొనునది ఒక్క ప్రయివేటు కంపెనీ. ధర చెప్పునది వారే. రైతులు సర్దార్ వల్లభభాయి పటేలుకడ మొఱపెట్టుకొనగా, సహకార సంఘమును స్థాపించుకొనుడని ఆయన సలహా యిచ్చెను. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా గ్రామమున మొరార్జీ దేశాయి సమక్షమున సభ జరిగెను. పాలను సంఘముద్వారానే అమ్మెదమని తీర్మానించిరి. పదునైదు దినములు ఒక్క చుక్క పాలు కంపెనీకి పోయలేదు. ఆ నష్టమును సహించిరి గనుకనే జయించిరి. త్రిభువనదాస్ పటేల్ నాయకత్వమున ఆ జిల్లా సంఘము 1946 డిసెంబరు 14న రిజిష్టరయ్యెను. ఆరంభమున రెండు గ్రామసంఘములనుండి దినమునకు సుమారు 250 లీటర్ల పాలు మాత్రమే వచ్చుచుండెను. 1949లో వర్ఘీస్ కురియన్ ఆనందునకు వచ్చి, తరువాత ఆ సంఘపు నిర్వహణను చేపట్టెను.

వారికొక పెద్ద చిక్కు వచ్చెను. చలికాలమున గేదెలు హెచ్చుగా పాలిచ్చును. బొంబాయి ఆ పాలనన్నిటిని కొనదు. మిగిలిన పాలను ఏమి చేయవలయును? రైతు తన గేదెను చలికాలమున తక్కువ పాలిమ్మని అడుగజాలడు గదా. పొడి చేసి నిలువ యుంచవచ్చును. కాని గేదె పాలను పొడి చేయుట సాధ్యము కాదని విదేశ నిపుణులు చెప్పుచుండిరి. హెచ్. ఎం. దలాయా అను ఇంజనీరు దానిని చేసి చూపెను. 1955 అక్టోబరు 31న జవహర్‌లాల్ నెహ్రూ ఆ పొడి కర్మాగారమును ప్రారంభించెను. ఆవు పాలే ఆధారమైన విదేశ కంపెనీలకు లేని నేర్పు గేదెల రైతులకు దక్కెను. మన లోపమని యెంచబడినదే మన విశిష్టత యయ్యెను. 1957లో ‘అముల్’ అను ముద్రను రిజిష్టరు చేయించిరి.

పాలు కొనుటతో ఆ సంఘము ఊరకుండలేదు. పశువైద్యుని పంపెను, మేలుజాతి సంతతికి ఏర్పాటు చేసెను, 1964లో కంజరి గ్రామమున దాణా కర్మాగారమును నెలకొల్పెను. వర్తకుడు రూపాయి హెచ్చు పెట్టగలడు. కాని అర్ధరాత్రి ఈనలేక బాధపడు గేదెకు వైద్యుని పంపునా? సభ్యుడు ధరను మాత్రమే కాక ఈ సేవలను కూడ లెక్కలో చేర్చుకొనవలయును.

8. తెలుగునాట ముల్కనూరు

పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వమున సహకార గ్రామీణ బ్యాంకు, విక్రయ సంఘము వెలసెను. అప్పు ఇచ్చుటతో ఆగిపోక, ఎరువులు మొదలగునవి సమకూర్చుట, పంటను కొని శుద్ధిచేసి అమ్ముట మొదలగు పనులన్నియు ఒక్క సంఘమే చేపట్టెను. అందఱును పండించు మామూలు ధాన్యముతో పోటీపడుటకు మాఱుగా ఆ సంఘపు రైతులు విత్తనపు వడ్లను పండించుటయందు పేరుపొందిరి. విత్తనమునకు శుద్ధి, నమ్మకము, కట్టుబాటు కావలయును. ఒక్క రైతు కేళీలను ఏరివేయకున్నచో విత్తనమంతయు చెడును. కట్టుబాటు గల సంఘమే అట్టి పంటను చేపట్టగలదు. సంతలోని పగ్గముల వ్యాపారి మార్గము, అనగా ప్రత్యేకపు గిరాకీని ఎన్నుకొనుట, ఇచట కానవచ్చును.

9. ఒక్క రూపాయి కథ

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఈ క్రింది లెక్క ఊహించినదే కాని, సభ్యులు తమ యూరి అంకెలు వేసి చూచుకొనవచ్చును.

ఒక గ్రామసంఘము దినమునకు 500 లీటర్ల పాలు సేకరించుచున్నదనుకొందము. పట్టణమున లీటరునకు 48 రూపాయలు వచ్చును. బండి కిరాయి, జీతము, కరెంటు కలసి దినమునకు 1,000 రూపాయలు. పాలు హెచ్చినను తగ్గినను ఈ ఖర్చు మాఱదు. అనగా లీటరునకు 2 రూపాయలు ఖర్చు. రైతునకు 46 రూపాయలు చేరును.

వర్తకుడు వచ్చి 47 రూపాయలు ఇచ్చెదననును. సగముమంది సభ్యులు అటు పోయిరి. సంఘమునకు 250 లీటర్లే మిగిలెను. ఖర్చు లీటరునకు 4 రూపాయలయ్యెను. సంఘము 44 రూపాయలే ఈయగలదు. “చూచితిరా, సంఘము ధర తగ్గించినది” అని మఱికొందఱు పోయిరి. 100 లీటర్లు మిగిలినవి. ఖర్చు 10 రూపాయలు. రైతునకు 38 రూపాయలు. మఱునాడు కేంద్రమునకు తాళము పడెను. ఆ పిమ్మట వర్తకుడు 40 రూపాయలనును. అడుగువాడెవడు?

దినమునకు 5 లీటర్లు పోయు సభ్యుడు నెల దినములు వర్తకునకు పోసి 150 రూపాయలు అదనముగా సంపాదించెను. సంఘము మూతపడిన తరువాత ఆతనికి దినమునకు 30 రూపాయలు తగ్గెను. నెల సంపాదన ఐదు దినములలో పోయెను. ఆఱవ దినము మొదలు నష్టమే. ఎరను చూచి గాలమును చూడని చేపవంటివాడు ఆ సభ్యుడు.

వర్తకుడు చెడ్డవాడని మేము చెప్పుట లేదు. ఆతడు తన వ్యూహమును తాను నడపుచున్నాడు. మన వ్యూహమును మనము నడపుకొనకపోవుట ఆతని తప్పు కాదు.

అయితే విశ్వాసము సభ్యునినుండి మాత్రమే కోరుట న్యాయము కాదు. తూకము సరిగా లేని సంఘము, డబ్బు నెలలకొలది నిలుపు సంఘము, లెక్కలు చూపని కార్యవర్గము, బంధువుల పాలకు వెన్న హెచ్చు వ్రాయు గుమాస్తా — వీరు వర్తకునికంటె ముందుగా సంఘమును చంపుదురు. యెడ్డింగ్ రైతులు ఒడంబడికకు కట్టుపడిరన్నచో, ఒక ఓటు, ఒక కొలత, తెఱచిన లెక్క వారికి దొరకెను గనుకనే. సభ్యుని నమ్మకము సంఘమునకు మూలధనము. దానిని ప్రతిదినము సంపాదించుచునే యుండవలయును.

10. గెలుపు శాశ్వతము కాదు

పోటీలో లభించిన పైచేయి పట్టా భూమివంటిది కాదు. డెన్మార్కులోని చిన్న కర్మాగారములు కాలక్రమమున పెద్ద యంత్రముల ఖర్చును భరింపలేక ఒకదానితో నొకటి కలసిపోయెను. 2000 సంవత్సరమున వాని వారసమైన పెద్ద సంఘము స్వీడను దేశపు ‘ఆర్లా’ సంఘముతో విలీనమై ‘ఆర్లా ఫుడ్స్’ అయ్యెను. పల్లెల చిన్న కర్మాగారములు మాయమయ్యెను. కాని యజమానులు నేటికిని రైతులే. రూపము మాఱినది, సూత్రము మాఱలేదు. కాలము మాఱినపుడు వ్యూహమును మార్చుకొనవలయును. మూలబలమును మాత్రము విడువరాదు.

11. సారాంశము

ధరలో మాత్రమే పోటీపడువాడు ధనికునిచేత ఓడును. ఎచట పోటీపడవలయునో ముందు ఎన్నుకొనుడు. సరకునకు ఒక గుణమును, ఆ గుణమునకు ఒక గుర్తును కల్పింపుడు. కొనువానికి కావలసినదానిని తెలిసికొనుడు. వ్యర్థమగుదానిని సొమ్ముగా మార్చుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఎదుటివాడు కొనలేని బలమగు సభ్యుల కట్టుబాటును, సంఘపు న్యాయమైన లెక్కను జంటయెడ్లవలె కలిపి నడపుడు. ఒక్క యెద్దుతో బండి సాగదు.

సభ్యులు కూడి చర్చింపవలసిన ప్రశ్నలు

(1) మన సంఘము అమ్ము సరకునకు ప్రక్క యూరి సరకులో లేని గుణము ఏదైన కలదా? లేనిచో ఏది కల్పింపవచ్చును?

(2) మన సభ్యులలో పండినదంతయు సంఘమునకే ఇచ్చువారు ఎందఱు? తక్కినవారు ఎందుకు ఈయరు? కారణము వారియందున్నదా, సంఘమునందున్నదా?

(3) సంఘము సరకు లేని దినమునను మాఱని ఖర్చు ఎంత? పై లెక్కవలె మన యూరి లెక్క వేయుడు.

(4) మంచి సరకు తెచ్చినవానికిని, హీనమైన సరకు తెచ్చినవానికిని ధరలో భేదము చూపుచున్నామా?

(5) రేపు వర్తకుడు ఒక రూపాయి హెచ్చు చెప్పినచో మనము ఏమి చేయుదుము? ఇప్పుడే తీర్మానింపుడు.

చివరి ప్రశ్నకు వర్తకుడు రాకమునుపే సమాధానము వ్రాసికొన్న గ్రామములో సంఘము నిలుచునని మా విశ్వాసము.